మొదటి 40 సెర్చ్‌లు బాగున్నాయి సరే, మిగిలిన 60 ఇలా వాడి చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కాగీ అనే సెర్చ్ ఇంజిన్ ట్రయల్ మొదలుపెట్టారు, ఫ్రీగా ఇచ్చే 100 సెర్చ్‌లలో 40 అయిపోయాయి, ఒక్క యాడ్ కూడా లేదు, పేజీ శుభ్రంగా ఉంది, గూగుల్ కంటే బాగుందనిపిస్తోంది, మరి నెల నెలా డబ్బు కట్టొచ్చా, అసలు ఇలాంటివి గూగుల్ ముందు నిలబడతాయా లేక మూణ్ణాళ్ళ ముచ్చటేనా అని.

2008 నుంచి నా పని సెర్చ్ రెలవెన్సే అండి, హైదరాబాద్‌లోనే. మధ్యలో కంపెనీలు మారాను గానీ పని మారలేదు. జనం టైప్ చేసిన ప్రశ్న ఒక పక్క, వచ్చిన పది లింకులు ఇంకో పక్క పెట్టుకుని ఏది పైన ఉండాలి ఏది కింద ఉండాలి అని మార్కులు వేయించడం, తప్పు ఎందుకొచ్చిందో తవ్వడం, సరిచేయడం, సరిచేశాక ఇంకెక్కడ పాడైందో చూసుకోవడం. అందుకని కొత్త సెర్చ్ ఇంజిన్ ఏదొచ్చినా నేను మొదటి రోజే కూర్చుని వాడతా, గెలవాలని మనస్ఫూర్తిగా కోరుకుంటా కూడా, ఎందుకంటే ఊళ్ళో ఒకటే కొట్టు ఉంటే వాడు చెప్పిందే రేటు, వాడు తూచిందే కిలో. అయినా మీ ప్రశ్నకి అవును కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను, కాస్త ఓపికగా చదవండి.

ముందు మీ ఫస్ట్ ఇంప్రెషన్ సంగతి. ఆ 40 సెర్చ్‌లలో ఏమేం వెతికారో మీరే రాశారు, పైథాన్ ఎర్రర్ మెసేజ్‌లు, ల్యాప్‌టాప్ రివ్యూలు, క్రికెట్ స్కోరు, ఒక హీరో వయసు. ఇవన్నీ లక్షల మంది వెతికేవి, ఇంటర్నెట్‌లో వీటికి సమాధానాలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి, కాస్త బుద్ధిగా కట్టిన ఏ ఇంజిన్ అయినా వీటిల్లో ఫెయిల్ అవదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు కదా, సెర్చ్‌లో ఆ లెక్క పనికిరాదు, ఇక్కడ ప్రతి మెతుకూ వేరే గిన్నెలోంచి వస్తుంది. రోజూ తమకి వచ్చే ప్రశ్నల్లో 15 శాతం అంతకుముందు ఎప్పుడూ చూడనివే అని గూగులే ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చింది. అసలు పరీక్ష ఆ కొసన ఉండే ప్రశ్నల్లో ఉంది, మీరు ఇంకా అక్కడికి వెళ్ళలేదు.

ఏ ప్రశ్నలు అడుగుతామన్న దాని మీదే గెలుపోటములు ఎంత మారిపోతాయో చెప్పడానికి ఒక పాత కథ ఉంది. 2012లో మైక్రోసాఫ్ట్ 'బింగ్ ఇట్ ఆన్' అని ఒక ప్రచారం మొదలుపెట్టింది, పేర్లు దాచేసి బింగ్ రిజల్ట్స్, గూగుల్ రిజల్ట్స్ పక్కపక్కన చూపిస్తే జనం 2కి 1 చొప్పున బింగ్‌నే ఎంచుకున్నారని యాడ్స్ వేశారు. మరుసటి ఏడాది యేల్ యూనివర్సిటీ లా ప్రొఫెసర్ ఇయాన్ ఏయర్స్ తన వాళ్ళతో కలిసి అదే టెస్టు మళ్ళీ చేయిస్తే 53 శాతం గూగుల్ వైపు, 41 శాతం బింగ్ వైపు వచ్చింది, మిగతావి టై. పైగా మైక్రోసాఫ్ట్ సైటు సూచించిన ప్రశ్నలతో ఆడినప్పుడు బింగ్ బాగా చేసింది, జనం తమకి తోచినవి అడిగినప్పుడు అంత బాగా చేయలేదు. అంటే ప్రశ్నాపత్రం ఎవరు రాశారన్నదే ముఖ్యం. మీ ప్రశ్నాపత్రం మీరే రాసుకోవాలి, అదీ మీ జీవితంలోంచి రాసుకోవాలి.

ఇప్పుడు మొదటి రోజు చూసి మోసపోవడం గురించి, అది రెండు వైపులా జరుగుతుంది. 2008 జూలై 28, నాకు బాగా గుర్తున్న రోజు, ఉద్యోగంలో చేరి ఎంతో కాలం కాలేదు, ఆఫీసులో అందరూ పని పక్కన పెట్టి ఒకే సైటు తెరిచి కూర్చున్నారు. పేరు కూల్ అని పలకాలి, స్పెల్లింగ్ మాత్రం వేరేగా ఉండేది. గూగుల్‌లో పెద్ద ఇండెక్స్ (వెతకడానికి వీలుగా దాచుకున్న వెబ్ పేజీల భండారం) కట్టిన అన్నా ప్యాటర్సన్, ఆవిడ భర్త టామ్ కాస్టెల్లో కలిసి పెట్టిన కంపెనీ, 3 కోట్ల 30 లక్షల డాలర్ల పెట్టుబడి, 12,000 కోట్ల పేజీల ఇండెక్స్, గూగుల్ కంటే 3 రెట్లు పెద్దదని చెప్పుకున్నారు. గూగుల్ కూడా ఊరుకోలేదు, సరిగ్గా 3 రోజుల ముందు తాము లక్ష కోట్ల యూఆర్ఎల్‌లు, అంటే వెబ్ అడ్రస్‌లు, చూశామని రాసింది. కూల్ పేజీ నల్లగా అందంగా ఉండేది, రిజల్ట్స్ మ్యాగజైన్‌లా కాలమ్స్‌లో వచ్చేవి, ప్రతిదాని పక్కనా ఒక బొమ్మ. మొదటి గంట మేమూ నోరెళ్ళబెట్టాం. తర్వాత చూస్తే ఆ బొమ్మలకి పక్కనున్న రిజల్ట్‌కి సంబంధం లేదు, ఒకరి గురించి వెతికితే ఇంకెవరిదో ఫోటో. మధ్యాహ్నానికి సర్వర్లు తట్టుకోలేక మామూలు పదాలకి కూడా ఏమీ దొరకలేదని చూపించడం మొదలుపెట్టాయి. 2010 సెప్టెంబర్‌లో మూసేశారు. నిజానికి వాళ్ళు చేసిన ఇంజినీరింగ్ చిన్నది కాదు, అంత ఇండెక్స్‌ని తక్కువ మెషీన్ల మీద నడపడం ఈ రోజుకీ కష్టమే, కానీ జనానికి కావాల్సింది ఎన్ని పేజీలున్నాయన్నది కాదు కదా, నా పేజీ పైన వచ్చిందా లేదా అన్నదే కదా.

దానికి సరిగ్గా ఎదురు కథ బింగ్. 2009 జూన్‌లో వచ్చింది, అప్పటికే ఎమ్ఎస్ఎన్ సెర్చ్, విండోస్ లైవ్ సెర్చ్, లైవ్ సెర్చ్ అని మూడు పేర్లు మార్చుకుని వచ్చిన నాలుగో అవతారం. ఇదీ మూణ్ణాళ్ళే అనుకున్నాం చాలామందిమి. కానీ అది నిలబడింది, ఎందుకంటే దాని వెనక సొంత ఇండెక్స్ ఉంది, ఏళ్ళ తరబడి నష్టం భరించే జేబు ఉంది. అప్పటినుంచి ఏ కొత్త ఇంజిన్ వచ్చినా నేను మొదట అడిగేవి ఈ రెండే, ఇండెక్స్ ఎవరిది, డబ్బు ఎవరిది. ఈ రెండూ ఫస్ట్ ఇంప్రెషన్‌లో కనపడవు, కానీ మూడేళ్ళ తర్వాత ఆ సైటు ఉంటుందా లేదా అన్నది వీటి మీదే ఉంటుంది.

ఇండెక్స్ సంగతి ఒక్క ఉదాహరణతో చెప్తా. 2024 మే 23న బింగ్‌లో ఏదో సమస్య వచ్చి కొన్ని గంటలు పడిపోయింది. దాంతో పాటే డక్‌డక్‌గో పడిపోయింది, ఎకోషియా పడిపోయింది. చాలామంది అప్పుడే మొదటిసారి తెలుసుకున్నారు తాము గూగుల్‌కి ప్రత్యామ్నాయం అని వాడుతున్నవాటికి లోపల రిజల్ట్స్ ఎక్కువగా బింగ్ నుంచే వస్తున్నాయని. బోర్డులు వేరు, వంటగది ఒకటే. వెబ్ మొత్తం తిరిగి పేజీలు తెచ్చుకుని దాచుకుని రోజూ తాజాగా ఉంచుకోవడం అంత ఖర్చు మరి, అందుకే సొంత ఇండెక్స్ ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. బ్రేవ్ బ్రౌజర్ వాళ్ళు 2021లో టెయిల్‌క్యాట్ అనే ఇంజిన్‌ని కొని దాని మీద కట్టుకుంటూ వచ్చారు, 2023లో బింగ్ సాయం పూర్తిగా ఆపేశామన్నారు. ఇంగ్లాండ్‌లో మోజీక్ అని ఒకటి ఎప్పటినుంచో సొంతంగా వెబ్ తిరిగి పేజీలు తెచ్చుకుంటోంది. ఎకోషియా, ఫ్రాన్స్ సెర్చ్ ఇంజిన్ క్వాంట్ కలిసి 2024 నవంబర్‌లో యూరప్ కోసం సొంత ఇండెక్స్ కడతామని జాయింట్ కంపెనీ పెట్టారు. ఇక 2025 ఆగస్టు 11న మైక్రోసాఫ్ట్ తన బింగ్ సెర్చ్ ఏపీఐలనే (బయటివాళ్ళు తమ ప్రోగ్రాముల్లోకి బింగ్ రిజల్ట్స్ తెచ్చుకునే దారి) మూసేసింది, విడిగా ఒప్పందాలున్న పెద్దవాళ్ళకి పర్లేదు గానీ ఆ ఏపీఐ కొనుక్కుని బతుకుతున్న చిన్నవాళ్ళు ఉన్నపళంగా వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. మీ కాగీ ఈ లెక్కలో మధ్యలో ఉంటుంది, కొంత సొంత ఇండెక్స్, చాలావరకు బయటి ఇండెక్స్‌ల నుంచి తెచ్చుకుని తన పద్ధతిలో మళ్ళీ వరస పేర్చడం. వాళ్ళు ఈ మాట దాచిపెట్టలేదు, తమ డాక్యుమెంట్లలోనే రాశారు. తప్పేం కాదు, కానీ మీరు కట్టే డబ్బులో కొంత వేరేవాళ్ళ ఇండెక్స్‌కి అద్దె అని గుర్తుపెట్టుకోండి, అద్దె ఇంట్లో ఉన్నవాడికి ఓనర్ మాట మీద ఎప్పుడూ ఒక చెవి ఉండాల్సిందే.

డబ్బు సంగతికొస్తే నీవా అనే సెర్చ్ ఇంజిన్ కథ చెప్పకుండా ఉండలేను, నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. శ్రీధర్ రామస్వామి, తమిళనాడు నుంచి వెళ్ళినాయన, గూగుల్‌లో 15 ఏళ్ళు పనిచేసి మొత్తం యాడ్స్ వ్యాపారానికే హెడ్ అయ్యారు. ఆయనే బయటికొచ్చి వివేక్ రఘునాథన్‌తో కలిసి యాడ్స్ లేని, నెల చందాతో నడిచే సెర్చ్ ఇంజిన్ పెట్టారు, 2021లో అమెరికాలో మొదలైంది. 2023 మేలో మూసేస్తున్నామని ప్రకటించారు. మూసేస్తూ వాళ్ళు రాసింది అందరూ చదవాలి, డబ్బు కట్టమని ఒప్పించడం ఒక ఎత్తు, అసలు కొత్త సెర్చ్ ఇంజిన్ ఒకసారి వాడి చూడండి అని ఒప్పించడం అంతకంటే కష్టమైందన్నారు. బ్రౌజర్‌లో సెట్టింగ్స్ మార్చడం, ఎక్స్‌టెన్షన్ వేసుకోవడం, ఫోన్‌లో ఇంకో చోట మార్చడం, ఇన్ని గడపలు దాటి ఎంతమంది వస్తారు చెప్పండి. అటువైపు గూగుల్ 2022లో ఒక్క యాపిల్‌కే, దాని బ్రౌజర్ సఫారీలో డిఫాల్ట్‌గా ఉండటానికి, 2,000 కోట్ల డాలర్లు కట్టిందని అమెరికా కోర్టు కేసులో బయటపడింది. 2024 ఆగస్టు 5న జడ్జి అమిత్ మెహతా గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నిలబెట్టుకుందని తీర్పిచ్చారు, 2025 సెప్టెంబర్‌లో ఇచ్చిన రెండో ఉత్తర్వులో క్రోమ్ అమ్మక్కర్లేదన్నారు గానీ తమది తప్ప వేరేది పెట్టకూడదనే ఒప్పందాలు చేసుకోవద్దని, కొంత ఇండెక్స్ డేటా, వాడుకదారుల డేటా పోటీదారులకి ఇవ్వాలని చెప్పారు. ఆ డేటా నిజంగా చిన్నవాళ్ళ చేతికి అందితే సెర్చ్‌లో నేను చేరినప్పటినుంచి జరిగిన అతి పెద్ద మార్పు అదే అవుతుంది. ఎందుకంటే జనం ఏ ప్రశ్నకి ఏ లింకు నొక్కారు, నొక్కి వెంటనే వెనక్కి వచ్చారా అక్కడే ఉన్నారా అన్న సమాచారమే అసలు బంగారం, అది ఎవరి దగ్గర ఎక్కువ ఉంటే వాళ్ళ రిజల్ట్స్ మెరుగవుతాయి, రిజల్ట్స్ మెరుగైతే జనం ఇంకా వస్తారు, కొత్తవాడికి ఆ చక్రంలోకి అడుగు పెట్టే సందే ఉండదు.

ఇక మనకి అసలు ముఖ్యమైన చోటు, తెలుగు. మీరు 40 సెర్చ్‌లలో ఒక్కటి కూడా తెలుగులో వెతకలేదు, నన్ను ఈ సమాధానం రాయడానికి కూర్చోబెట్టింది అదే.

నా దగ్గర ఒక పాత నోట్‌బుక్ ఉంది, 2009 నుంచి ఏ కొత్త ఇంజిన్ వచ్చినా అందులో ఉన్న ప్రశ్నలే అడుగుతా, కాలాన్ని బట్టి కొన్ని మారుస్తూ ఉంటా. అందులో మొదటి పేజీలో మొదటి ప్రశ్న సాఫ్ట్‌వేర్. ఎందుకంటే ఆ పదాన్ని మనవాళ్ళు రెండు రకాలుగా టైప్ చేస్తారు, ఒకటి 'సాఫ్ట్‌వేర్', ఇంకోటి 'సాఫ్ట్వేర్'. మొదటిదాంట్లో పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం ఉంటుంది, వత్తు పడకుండా ఆపేది. రెండోదాంట్లో అది లేదు, అందుకే వ కాస్తా ట తో పాటు వత్తయి కూర్చుంది. మనిషి కంటికి రెండూ ఒకటే పదం, మెషీన్‌కి ఎవరూ నేర్పకపోతే రెండూ వేరు వేరు పదాలు. ఫేస్‌బుక్, హార్డ్‌వేర్, ఆన్‌లైన్, మనం రోజూ వాడే ఇంగ్లీష్ మాటలు సగం ఇలాంటివే. ఇండెక్స్‌లోకి ఎక్కించేటప్పుడే ఆ కనపడని అక్షరాన్ని తీసేసి రెంటినీ ఒకటి చేయాలి, పది లైన్ల కోడ్ కూడా పట్టదు, కానీ తెలుగు తెలిసినవాడు టీంలో ఒక్కడైనా ఉంటేనే ఆ పది లైన్లు రాస్తారు. నేను గత కొన్నేళ్ళలో చూసిన కొత్త ఇంజిన్లలో ఒకదాంట్లో, పేరెందుకులెండి, ఈ రెండు స్పెల్లింగులకి మొదటి పేజీలో ఒక్క లింకు కూడా కలవలేదు.

రెండో ప్రశ్న కంటి ఆపరేషన్. ఇంగ్లీష్‌లో ఐ అంటే ఐ, బహువచనం అయితే చివర ఒక ఎస్. మనకి కన్ను, కంటి, కంట్లో, కళ్ళు, కళ్ళకి. ఇల్లు, ఇంటి, ఇంట్లో, ఇళ్ళు. ఊరు, ఊళ్ళో, ఊళ్ళు. మాట మొదలే మారిపోతుంది, చివర అక్షరాలు కత్తిరిస్తే మూలం దొరుకుతుందనుకునే ఇంజిన్‌కి ఇక్కడ చుక్కలు కనపడతాయి. మా అమ్మ 'కళ్ళకి పొర ఆపరేషన్' అని వెతుకుతుంది, మంచి డాక్టరు రాసిన వ్యాసంలో 'కంటి శుక్లం శస్త్రచికిత్స' అని ఉంటుంది, ఈ రెండిటినీ కలపాలి, కలపడమే సెర్చ్. ఈ మధ్య అర్థాన్ని పట్టుకునే ఏఐ మోడల్స్ వచ్చాక ఇది చాలా మెరుగైంది, నిజంగా మెరుగైంది, పదేళ్ళ కింద మేం నెలల తరబడి చేత్తో రాసిన రూల్స్ చేయలేనిది అవి చేస్తున్నాయి. కానీ అవి కూడా ఇండెక్స్‌లో ఉన్న పేజీనే కదా తేగలిగేది.

ఇండెక్స్‌లో తెలుగు ఎంత ఉందన్నది ఇంకో బాధ. ఒకప్పుడు ఈనాడు లాంటి పెద్ద పత్రికల సైట్లే సొంత ఫాంట్‌లో ఉండేవి, ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే యాడ్ఆన్ వేసుకుని యూనికోడ్‌లోకి (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) మార్చుకుని చదువుకునేవాళ్ళం, ఏ సెర్చ్ ఇంజిన్‌కీ అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. తెలుగులో రాసినవి దొరకాలంటే తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ లాంటి చోట్లకి వెళ్ళాల్సిందే, సెర్చ్ కంటే అవే ఎక్కువ పనికొచ్చేవి. 2006లో బెంగళూరు నుంచి గురూజీ అని మనదేశపు సెర్చ్ ఇంజిన్ వచ్చినప్పుడు మేం ఎంత ఆశపడ్డామో, అదీ నిలబడలేదు. ఇప్పుడు పత్రికలన్నీ యూనికోడ్‌లోకి వచ్చేశాయి గానీ యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో పేజ్‌మేకర్‌లో చేసిన పీడీఎఫ్‌లు ఇప్పటికీ ఎన్నో, కరపత్రాలు, సంఘాల పత్రికలు, పాఠాల నోట్సులు. మీ కంటికి చక్కని తెలుగు, అందులోంచి ఒక లైను కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేసి చూడండి, పిచ్చి పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలు పడతాయి, సెర్చ్ ఇంజిన్ చూసేది ఆ పిచ్చి అక్షరాలనే. పేజీని బొమ్మలా చూసి అక్షరాలు చదివే పని పెట్టుకుంటే తప్ప అవి ఎప్పటికీ దొరకవు, కొత్తగా మొదలైన చిన్న ఇంజిన్ తెలుగు కోసం ఆ ఖర్చు పెట్టుకుంటుందని నేను అనుకోను.

తాజాదనం కూడా తెలుగు ప్రశ్నతోనే చూడండి. తెలంగాణలో భూరికార్డుల పోర్టల్ ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది. ధరణి పహాణీ అని వెతికితే కొత్త పోర్టల్ పైన చూపిస్తోందా, లేక చచ్చిపోయిన పాత లింకులు, ఆ పేరు పెట్టుకుని యాడ్స్ కోసం పెట్టిన అనుకరణ సైట్లు చూపిస్తోందా? నర్సీపట్నం ఏ జిల్లా అని అడగండి, 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం, జిల్లాలు 13 నుంచి 26 అయ్యాక అనకాపల్లి. ఇంకా విశాఖ అని చెప్తోందంటే ఆ ఇంజిన్ మన వైపు పేజీలు ఎంత తరచుగా తిరిగి చూస్తోందో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే ముఖ్యం, యాడ్స్ ఉన్నాయా లేవా అన్నదానికంటే కూడా. 2021లో మా చిన్నాన్న, రిటైరైన టీచర్, ఒక పేమెంట్ రెండుసార్లు కట్ అయిందని కస్టమర్ కేర్ నంబర్ కోసం సెర్చ్ చేశారు. ఏ బ్యాంకో ఏ సెర్చ్ ఇంజినో చెప్పను, అది ఏ ఒక్కరి తప్పో కాదు, అప్పుడు అందరి దగ్గరా ఉన్నదే, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. పైన వచ్చిన నంబర్‌ని గోడ క్యాలెండర్ వెనక పెన్నుతో రాసుకుని ఫోన్ చేశారు, అవతలివాడు చక్కని తెలుగులో మాస్టారూ అని పిలుస్తూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయించాడు, 38 వేలు పోయాయి. నాలుగు రోజులు మాకెవరికీ చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా ఆయన అన్న మాట, పైన వచ్చింది కదరా నిజమే అనుకున్నా అని. సెర్చ్‌లో పనిచేసేవాడిగా నాకు ఆ మాట తగిలినట్టు ఇంకే మాటా తగల్లేదు. జనం పైన వచ్చింది నిజం అనుకుంటారు, ఆ నమ్మకం మీదే ఈ ఇండస్ట్రీ అంతా నడుస్తోంది. ఆ దొంగ నంబర్లు ఎలా పైకొస్తాయంటే, వాళ్ళు సొంత సైట్ పెట్టరు, ఎవరైనా పోస్ట్ చేయగలిగే పేరున్న పెద్ద సైట్లలో ఆ నంబర్‌ని బ్యాంకు పేరుతో కలిపి వందల చోట్ల అతికిస్తారు, ఆ సైట్ల పరపతి మీద ఎక్కి పైకి వచ్చేస్తారు. దీన్ని ఆపడానికి రోజూ కాపలా కాసే మనుషులు కావాలి, భాష తెలిసినవాళ్ళు కావాలి. అందుకే నా టెస్టులో ఏదో ఒక బ్యాంకు పేరు, పక్కన 'కస్టమర్ కేర్ నంబర్' అని తెలుగులో తప్పనిసరిగా ఉంటుంది, ఆ బ్యాంకు సొంత సైటు మొదటి లింకుగా రాకపోతే ఆ ఇంజిన్‌ని మా ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లలో పెట్టను, ఎంత అందంగా ఉన్నా సరే. ఇలా ఎవరికైనా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, మొదటి గంటల్లో చేస్తే డబ్బు ఆపే అవకాశం ఉంటుంది.

ఇక కాగీ విషయానికే వస్తే, మీరు ఇంకా చూడని మంచి ఒకటి అందులో ఉంది. ప్రతి రిజల్ట్ పక్కనా ఒక చిన్న గుర్తు ఉంటుంది, నొక్కితే ఆ సైటుని పైకి లేపొచ్చు, కిందికి దించొచ్చు, ఎప్పుడూ అన్నిటికంటే పైనే ఉండేలా పిన్ చేయొచ్చు, పూర్తిగా బ్లాక్ చేయొచ్చు. జనం ఎక్కువ బ్లాక్ చేసిన సైట్ల లిస్టు కూడా వాళ్ళే పబ్లిక్‌గా పెడతారు, పింటరెస్ట్ దాంట్లో పైన ఉంటూ వచ్చింది. ఇది యాడ్స్ మీద బతికే ఇంజిన్ మీకు మనస్ఫూర్తిగా ఇవ్వలేని సౌకర్యం. తెలుగువాళ్ళకి ఇది ఇంకా పనికొస్తుంది, 'షాకింగ్, ఏం జరిగిందో తెలుసా' అని హెడ్డింగ్ పెట్టి లోపల ఏమీ లేని సైట్లు పాతిక బ్లాక్ చేశారనుకోండి, వారంలో మీ సెర్చ్ పేజీ మొహమే మారిపోతుంది. నేను వాడే పద్ధతి అదే, ప్రభుత్వ సైట్లు కొన్ని పిన్, చెత్త సైట్లు కనపడగానే బ్లాక్.

ఖర్చు చూస్తే 5 డాలర్ల ప్లాన్‌లో నెలకి 300 సెర్చ్‌లు, 10 డాలర్లకి ఎన్నైనా. మన డబ్బుల్లో 10 డాలర్లంటే ఓటీటీ చందాల కంటే ఎక్కువే. 2025 మధ్యలో వాళ్ళ సభ్యుల సంఖ్య 50 వేలు దాటింది, గూగుల్ ముందు అది సముద్రంలో నీటిబొట్టు. కానీ నేను దీన్ని వేరేగా చూస్తా, నీవా లాగా పెద్ద పెట్టుబడి తెచ్చి కోట్ల మందికి చేరాలని పరిగెత్తడం కాకుండా, కట్టేవాళ్ళ డబ్బుతోనే మెల్లగా నడవాలన్నది వీళ్ళ పద్ధతి. గూగుల్‌ని కొట్టడం అన్నది వాళ్ళ లెక్కలోనే లేదనుకుంటా, బతికి ఉండటమే లెక్క. ఇంకోవైపు ఏఐతో నేరుగా సమాధానం చెప్పే సెర్చ్ ఇంజిన్ పర్‌ప్లెక్సిటీని చూడండి, 2025 జూలైలో ఎయిర్‌టెల్‌తో కలిసి 36 కోట్ల మంది కస్టమర్లకి డబ్బు కట్టి వాడే ప్రో ప్లాన్‌ని ఏడాది పాటు ఫ్రీగా ఇచ్చేశారు. మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఫోన్‌లో కూడా వచ్చింది, తెలుగులో మాట్లాడి అడుగుతోంది, నాకు చాలా సంతోషమేసింది. కానీ డబ్బు ఎవరిది అన్న నా ప్రశ్న అక్కడ గట్టిగా అడగాలి, ఏడాది తర్వాత ఆ ఖర్చు ఎవరు కడతారు, యాడ్సా, మనమా?

కాబట్టి మీకు నేను చెప్పేది. మీరు ప్రోగ్రామింగ్ చేస్తారు, రోజంతా ఇంగ్లీష్‌లో టెక్నికల్ విషయాలు వెతుకుతారు, ఆ పని వరకు 5 డాలర్ల ప్లాన్ రెండు నెలలు కట్టి చూడండి, 300 సరిపోతాయో లేదో మీకే తెలుస్తుంది, సంవత్సరం చందా మాత్రం ఇప్పుడే వద్దు. ఇంట్లో అమ్మావాళ్ళ ఫోన్లు మార్చకండి. బ్రేవ్ సెర్చ్ ఎలాగూ ఫ్రీ కాబట్టి పక్కన అది కూడా పెట్టుకుని అవే ప్రశ్నలు రెండిట్లో అడగండి, సొంత ఇండెక్స్ మీద నడిచేదానికి, ఎక్కువగా అద్దె ఇండెక్స్ మీద నడిచేదానికి తేడా ఎక్కడ తెలుస్తుందో మీ కళ్ళతో చూడొచ్చు.

మిగిలిన 60 సెర్చ్‌లు క్రికెట్ స్కోర్లకి ఖర్చు పెట్టొద్దు. మీకు సమాధానం ముందే కచ్చితంగా తెలిసిన ప్రశ్నలే అడగండి, అప్పుడే ఇంజిన్ తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలరు. ఒక 15 మీ ఊరి గురించి, మండలం, బస్సు, గుడి, జాతర ఎప్పుడు, హైస్కూల్ ఎక్కడ. ఒక 15 తెలుగు లిపిలో, ఒక 10 అవే ప్రశ్నలు ఇంగ్లీష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేస్తూ, మనవాళ్ళు ఎక్కువమంది అలానే వెతుకుతారు కదా, గోంగూర నిలవ పచ్చడి రెండు రకాలుగా అడిగి రెండిటికీ ఒకే రకం వంటలు వస్తున్నాయో లేదో చూడండి. ఒక 10 ఈ వారం జరిగినవాటి గురించి. మిగిలిన 10 కస్టమర్ కేర్ నంబర్లు, సర్టిఫికెట్లు, పెన్షన్ల సైట్లు. ప్రతిదానికీ మొదటి 3 లింకులు మాత్రమే చూసి, పనికొస్తే 1, రాకపోతే 0 అని కాగితం మీద రాసుకోండి, నాలుగో లింకు దాకా మన జనం వెళ్ళరు.

సాఫ్ట్‌వేర్, సాఫ్ట్వేర్ రెండు స్పెల్లింగులతో ముందు చూసి, మొదటి పేజీలో ఎన్ని లింకులు కలిశాయో ఇక్కడ రాయండి, నా నోట్‌బుక్‌లో మీ పేరు లేకుండా ఆ అంకె ఎక్కించుకుంటా.